నాచు పట్టింది

జూన్ 3

ఎర్రమ్మ మళ్లీ గుడ్లు మోస్తోంది. ఎర్రమ్మ అంటే నా చిన్న అక్వేరియంలో అన్నిటికన్నా పెద్ద రొయ్య. పోయినసారి పిల్లలన్నీ ఫిల్టర్‌లోకి పోయాయి. దాక్కోవడానికి బోడి ఇసుక తప్ప ఏముంది వాటికి? ఈసారి అడుగంతా మొక్కలతో పచ్చటి కార్పెట్ పరిచి తీరతాను. ఒక్క పిల్లనైనా కళ్లారా చూడాలి.

నాన్న తొంగి చూసి, ఇవి కూరకి కూడా రావు కదే అన్నాడు.

జూన్ 5, సాయంత్రం

చేపల షాపతను క్యూబా అనే మొక్క చూపించి ఊదరగొట్టాడు. ఆవగింజంత ఆకులు, చూస్తే ముద్దొస్తోంది. కానీ దానికి కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ సిలిండర్ కావాలట, ఎరువు కావాలట, వారం వారం కత్తిరించాలట. కళ్లద్దాల షాపులో పొద్దస్తమానం లెన్సులు అరగదీసి వచ్చే నాకు నా జుట్టు దువ్వుకోవడానికే తీరిక లేదు, ఇంక దీనికి క్షవరం ఎక్కడ చేసేది? పట్టించుకోకపోయినా బతికేది ఇవ్వమన్నాను. మొహం మాడ్చుకుని హెయిర్‌గ్రాస్ అనే వెంట్రుకల్లాంటి గడ్డి ఇచ్చాడు.

జూన్ 8

హెయిర్‌గ్రాస్ సగం పైకి తేలింది. మళ్లీ నాటాను.

జూన్ 9

మళ్లీ తేలింది. నా మొండితనం దానికింకా తెలీదు.

జూన్ 12

లంచ్ మానేసి ఫోన్‌లో చదివాను. తీరిక లేనివాళ్లందరూ చెప్పేది ఒకటే, జావా మాస్. మన భాషలో నాచు. వేళ్లే లేవు కాబట్టి నాటే గొడవ లేదు. గ్యాస్ వద్దు, పెద్ద లైటూ వద్దు. స్టీలు జాలీ మీద పల్చగా పరిచి, కుట్టుదారంతో కట్టి అడుగున పడుకోబెట్టాను. రొయ్యపిల్లలకి ఇల్లూ అదే, తిండీ అదే. ఫిల్టర్ మూతికి స్పాంజి తొడిగాను. ఇక ఎలా పోతాయో చూస్తాను.

జూన్ 26, ఉదయం

కొత్త చిగుళ్లు! జాలీ కనబడటం లేదు. ఎర్రమ్మ అందులోంచి బయటికే రావడం లేదు. షాపుకి బయల్దేరుతూ గుమ్మంలోంచే నాన్నకి చెప్పాను, తొట్టిలో నాచు బాగా పట్టిందని. నేను చూసుకుంటాలే, నువ్వెళ్లు అన్నాడు. ఎంత ముచ్చటేసిందో.

సాయంత్రం

తొట్టి తళతళలాడుతోంది. జాలీ మీద నాచు పోచ ఒక్కటి లేదు. మూత మీద కాగితం, నాన్న దస్తూరీ: కడిగిన తేదీ 26-6.

ఊళ్లో నీళ్ల ట్యాంకులన్నీ కడిగించి రిటైరైన మనిషి. ప్రతి ట్యాంకు మీదా ఇలాగే రాయించేవాడు. వేరు పట్టింది అన్నట్టు నేనన్నాను. తుప్పు పట్టింది అన్నట్టు ఆయన విన్నాడు.

మిగతా రొయ్యలున్నాయి. ఎర్రమ్మ లేదు. నోటికొచ్చినట్టు అరిచాను. నాన్న చేతిలో బ్రష్ ఇంకా తడిగానే ఉంది. నువ్వే కదే చెప్పావు అన్నాడు, చిన్నగా.

జూన్ 27

నాన్నే వండి బాక్సు కట్టాడు. తిన్నాను. కోపం తిండి మీద ఎందుకు?

జూన్ 28

మళ్లీ నాచు కొనుక్కొచ్చాను. వదిలే ప్రసక్తే లేదు. నాన్న పక్కన చేరి దారం అందించాడు. నాచుని చంపాలంటే చెప్పు గానీ పెంచడం తనకి కొత్త అన్నాడు. నవ్వొచ్చింది. బింకంగా ఆపుకున్నాను.

జూన్ 30

బాల్కనీలోంచి నాన్న కేక. ఆ రోజు జాలీ తోమిన నీళ్లు మొక్కలకి పనికొస్తాయని బకెట్‌లో దాచాడట. నీళ్లు పారబోయడం తన వల్ల కాదట. ఇవాళ చెంబు ముంచబోతే ఎర్రగా ఏదో కదిలిందట.

ఎర్రమ్మ! నాచు ముక్కల మధ్య, గుడ్లతో సహా. ఏడ్చేశాను. తొట్టిలోకి మార్చబోతే నాన్న చెయ్యి పట్టుకున్నాడు. కుదురుకున్నదాన్ని కదిలించకు, ఒకసారి కదిలించింది చాలు అన్నాడు. బకెట్‌కి ఎండ తగలకుండా గొడుగు తెరిచిపెట్టాడు.

జూలై 6

పిల్లలు! కామా గుర్తులంత ఉన్నాయి. నాచు మీద నడుస్తున్నాయి. షాపు నుంచి తెచ్చిన నా లెన్సు నాన్న లాక్కుని కూర్చున్నాడు, ఇవ్వడు.

బకెట్ మీద కొత్త కాగితం. అదే దస్తూరీ.

కడగరాదు.