అచ్చుల బల్ల దగ్గర చోటు

ఆదివారం, బందరు

పదో తరగతి పాసైతే మావయ్య దగ్గర రోల్డ్‌గోల్డ్ నగల అచ్చులు చెక్కే పనిలో కూర్చోబెడతానని నాన్న మాటిచ్చాడు. తీరా పాసయ్యాక కాలేజీలో చేర్పించి బి.ఏ. దాకా చదివించాడు. నా చోటులో నా స్నేహితుడు బాషా కూర్చున్నాడు.

ఇవాళ వాడు కొత్త కారులో వచ్చాడు. బీరువాలో పుస్తకాలు చూసి, "ఇవన్నీ చదివేశావా బావా? నాకు ఉక్కు మీద లతలు చెక్కడం తప్ప అక్షరం ముక్క రాదు" అని నవ్వాడు. ఆ లతలతోనే మూడంతస్తులు లేపాడు. నేను గుమాస్తాగా రిటైరయ్యాను.

వాకిట్లో నా మనవరాలు శ్రావణి వేసిన ముగ్గు వాడి కంట పడింది. "పిల్ల చెయ్యి బాగుంది. ఇంటరైపోయిందిగా, నా దగ్గర కూర్చోబెట్టు. నాలుగేళ్లలో నీ పెన్షన్ దాటేస్తుంది."

శ్రావణి ఆశగా నా మొహంలోకి చూసింది.

"ముందు డిగ్రీ కానీ" అన్నాను.

నాకు దక్కని చోటు దానికి దక్కుతుంటే ఓర్చుకోలేకపోయాను. పిల్ల అన్నం తినకుండా పడుకుంది. ఈ పాపం కూడా మా నాన్న కోటేశ్వరరావుదే.