రెండు మీటర్ల కుళ్ళు

ప్రియమైన అక్కకి,

ఎలా ఉన్నావని అడగను. నాలుగు నెలలుగా ఉత్తరం ముక్క రాయనిదాన్ని ఇప్పుడు అడిగితే నువ్వే నవ్వుతావు. సంగతి చెప్పేస్తాను. నాకు కడుపు మండిపోతోంది. ఎవరి మీదంటావా? నీ పెద్దకూతురి ఈడు పిల్ల మీద. సిగ్గు విడిచి చెప్తున్నాను, నీకు కాకపోతే ఇంకెవరికి చెప్పుకోను?

నా పని నీకు తెలుసు. బోరు వేసి పైకి తీసిన రాతి ముక్కలను వరసగా పెట్టెల్లో పేర్చి, తడిపి, భూతద్దం పెట్టి చూసి, ఎన్నో మీటరు దగ్గర రాగి ఉందో రాస్తాను. ముక్కలు ల్యాబుకి వెళ్ళి ఫలితం రావడానికి మూడు వారాలు పడుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ మూడు వారాలూ అందరూ నా నోటి వంకే చూసేవాళ్ళు. "రాళ్ళక్క చెప్పిందంటే చెప్పిందే" అనేవాళ్ళు. ఇప్పుడు ఈ పిల్ల వ్యానులో ఒక పొడుగాటి గొట్టం తెచ్చింది. దాన్ని కేబులుతో బోరులోకి దించి స్విచ్ వేస్తే అది రాతిలోకి న్యూట్రాన్లు వదులుతుందట. అవి తగిలిన రాతిలోంచి గామా కిరణాలు వస్తాయట. వాటిని బట్టి ఏ లోతులో ఎంత రాగి ఉందో కంప్యూటరు మీద గీత పడుతుంది. గంట పని. మా మేనేజరు ఆ గీత చూసి ఎంత మురిసిపోయాడో! నా పెట్టెల మీదకి ఒక్కసారి వంగి చూడని మనిషి, ఆ పిల్ల వెనక అరగంట నిలబడ్డాడు. డ్రిల్లర్ బాబాయి అయితే తన కుర్చీ తుడిచి మరీ వేశాడు. నాకెప్పుడైనా వేశాడా? బోర్లించిన బకెట్ మీద కూర్చుని కూర్చుని నా నడుం పడిపోయింది.

అసలు మాట ఇది. పద్నాలుగో బోరులో నా లెక్కకి రాగి ఎనభై నాలుగో మీటరు దగ్గరుంది, ఆ పిల్ల గీతలో ఎనభై ఆరు దగ్గర. ఎందుకో నాకు తెలుసు. ఆ గొట్టంలో కొలిచే పరికరం అడుగు కొసన ఉండదు, రెండు మీటర్లు పైన ఉంటుంది. అది నేల మట్టానికి వచ్చినప్పుడు సున్నా నొక్కాలి. ఆ పిల్ల కొస నేలని తాకగానే నొక్కేసింది. నా కళ్ళారా చూశాను. "అమ్మాయ్, ఆగు" అంటే సరిపోయేది. అనలేదు. పక్కనే నిలబడి నవ్వుతూ టీ తాగాను. పక్క గనిలోంచి సొరంగం తవ్వేది ఈ లోతు పట్టుకునే. రాగి పొర మీటరు మందం కూడా లేదు, రెండు మీటర్లు తప్పారంటే వట్టి రాయే. తప్పనీ. రాళ్ళక్క అంటే ఎవరో అప్పుడు తెలుస్తుంది.

నీ చెల్లి

అక్కా,

నీ జవాబు అందింది. "నోరు విప్పవే మొండిదానా" అని మొదటి లైన్లోనే తిట్టావు. విప్పే అవసరమే రాలేదు. నిన్న మేనేజరు ఇద్దరినీ పిలిచి, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇందులో ఏది నమ్మమంటారు?" అన్నాడు. నేను గొంతు సవరించుకునేలోపే ఆ పిల్ల అంది: "సార్, మేడమ్ ఇరవై రెండేళ్ళుగా చూస్తున్నారు. నాదే ఎక్కడో తప్పయి ఉంటుంది. ఎనభై నాలుగే ఖాయం చేయండి." అలా రాసి సంతకం కూడా పెట్టింది. దానిది మూడు నెలల ట్రయల్ ఉద్యోగం. శనివారం వ్యానుతో సహా వెనక్కి పంపేస్తున్నారు. సోమవారం సొరంగం మొదలు.

చంకలు గుద్దుకోవాలి కదా? గుద్దుకున్నాను, ఒక పూట. ఈ పొద్దున వాన పడుతోందని రెయిన్‌కోటు వేసుకుని జేబులో చెయ్యి పెడితే చెక్కముక్క తగిలింది. రాయి పిండైపోయి పైకి రాని చోట, ఎంత పోయిందో చెక్క మీద రాసి బాబాయి ఇస్తాడు. దాన్ని పెట్టెలో ఆ ఖాళీ దగ్గర పెట్టి, లెక్కలో కలుపుకోవాలి. దాని మీద "పద్నాలుగో బోరు, రెండు మీటర్లు లేదు" అని ఉంది. ఆ పిల్ల వ్యాను వచ్చిన రోజు బాబాయి ఇచ్చిన ముక్క అది. నేను మెడ సాచి వ్యాను వంక చూస్తూ, చెక్క జేబులో పడేసుకుని, కింది ముక్కలన్నీ పైకి జరిపేశాను. రాగి ఎనభై ఆరులోనే ఉందక్కా. ఆ సున్నా సంగతేమిటో అర్థం కావట్లేదు గానీ, తప్పు మాత్రం నాది.

ఇంకా ఎవరికీ చెప్పలేదు. చెప్తే నా పేరు పోతుంది. చెప్పకపోతే శనివారం ఆ పిల్ల పోతుంది. నేను మంచిదాన్ని కాదు, ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

నీ చెల్లి

అక్కా,

శుక్రవారం బోరు దగ్గర, అందరూ ఉండగా, చెక్కముక్క మేనేజరు చేతిలో పెట్టి చెప్పేశాను. "మీరా?" అన్నాడు. నాకు ఆ ఒక్క మాటే చాలు, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సొరంగం ఎనభై ఆరుకి మార్చారు. ఆ పిల్లని ఉండమన్నారు.

తర్వాత పెట్టెల షెడ్డులో మేమిద్దరమే ఉన్నాం. ఎవరూ అడక్కుండానే సున్నా సంగతి కూడా కక్కేశాను. ముందు నవ్వింది. "మేం కొస దగ్గరే నొక్కుతాం మేడమ్, ఆ రెండు మీటర్లూ కంప్యూటరే తీసేస్తుంది" అంది. అంతలోనే నవ్వు ఆగిపోయింది.

"అంటే నేను తప్పు చేశాననుకున్నారు. అనుకుని ఊరుకున్నారు."

"అవును."

"చెక్క మర్చిపోవడం ఎవరికైనా జరుగుతుంది. సొరంగం తప్పు చోట తవ్వుతారని అనుకుంటూ కూడా, నాతో నవ్వుతూ టీ తాగారా మేడమ్?"

అది కేకలేస్తే బాగుండును, నేనూ నాలుగు అనేదాన్ని. మేనేజరుకి చెప్తానని కూడా బెదిరించలేదు. కళ్ళు తుడుచుకుని, "రేపు పదిహేనో బోరు. మీరు మీ లెక్క చూసుకోండి, నేను నాది చూసుకుంటాను, సాయంత్రం ఇద్దరం కూర్చుందాం" అని వెళ్ళిపోయింది.

ఇప్పటికైనా కుళ్ళు తగ్గిందా అని అడుగుతావు. ఎక్కడ తగ్గుతుంది? ఇన్నాళ్ళూ దాని గొట్టాన్ని చూసి ఏడ్చాను. గొట్టానిదేముంది, కంపెనీ డబ్బు పెడితే నాకూ ఒకటి వస్తుంది. అంత కోపంలోనూ అలా మాట్లాడి ఆగిపోవడం నాకీ వయసులో కూడా చేతకాదు.

కుళ్ళుబోతు,
నీ చెల్లి