ఆఖరి ముక్క ముట్టుకోను

మార్చి 3, సోమవారం. ఉదయం 6:10

ఈ డైరీ మా డెంటల్ ల్యాబుకి మైనం సప్లై చేసేవాళ్ళు జనవరిలో ఇచ్చారు. మొదటి పేజీలో నా బ్లడ్ గ్రూపు తప్ప ఇంతవరకూ ఏమీ లేదు. ఇవాళ్టి నుంచి రోజూ రాస్తాను. కారణం ఉంది.

నిన్న అమ్మాయి బాంబు పేల్చింది. "నాన్నా, పదిహేనో తారీకు మధ్యాహ్నం అత్తా మామయ్యా మనతో బయట భోజనానికి వస్తున్నారు. టేబుల్ బుక్ చేసేశాను. రానన్నావో, నేనూ నీతో మాట్లాడను."

అక్క! మాట్లాడి మూడేళ్ళయింది. ఉండేది ఈ ఊళ్ళోనే, రెండు బస్సులు మారితే వాళ్ళిల్లు. బావగారి రిటైర్మెంట్ విందులో ఆఖరి కేకు ముక్క తిన్నానని నలభై మంది ముందు నన్ను బకాసురుడు అంది. ప్లేటు అక్కడే పెట్టేసి వచ్చేశాను. ఆవిడ ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. తప్పు పూర్తిగా ఆవిడదే.

చిక్కేమిటంటే ఆ హోటలు కొత్త రకం. ఆసియా పద్ధతి వంటలట. ఎవరి ప్లేటు వాళ్ళకి ఉండదట. అన్నీ చిన్న చిన్న ప్లేట్లలో తెచ్చి మధ్యలో పెడతారు, అందరూ పంచుకోవాలి. తిండి దగ్గర చెడిన అక్కాతమ్ముళ్ళని అలాంటి చోటికి తీసుకెళ్ళే తెలివి నా కూతురికే రావాలి.

పన్నెండు రోజులుంది. చాలు. తీర్మానాలు:

1. ఆఖరి ముక్క ముట్టుకోను.
2. నోట్లోది మింగాకే రెండోది.
3. పక్కవాళ్ళ ప్లేటు వైపు చూడను.
4. ప్లేటుకి ఎడమచెయ్యి అడ్డం పెట్టుకోను. (ఇలా చేస్తానని నాకు తెలీదు. మా ఆవిడ చెప్పింది.)
5. చాప్‌స్టిక్స్ అనే ఆ పుల్లలతో తినడం నేర్చుకుంటాను.

నేను బకాసురుణ్ణి కాదని అక్క తన కళ్ళతో చూడాలి!

ఉదయం 8:30. ఆరు టోస్టులు, ముగ్గురం. నేను రెండే తిన్నాను! మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మార్చి 4, మంగళవారం. మధ్యాహ్నం 2:00

ఇరవయ్యారేళ్ళుగా కట్టుడు పళ్ళ సెట్లు చేస్తున్నాను. పట్టకారుతో ఒక్కో పన్నూ పట్టుకుని మైనంలో నిలబెట్టే చెయ్యి ఇది. రెండు పుల్లలు నాకో లెక్కా?

లంచ్ టైములో సాధన. ట్రేలోంచి గిన్నెలోకి ఇరవై ఎనిమిది పళ్ళు. ముందు పళ్ళు సులువు. కోరపళ్ళు ఫరవాలేదు. దవడపళ్ళే జారుతున్నాయి. ఒకటి ఎగిరి వెళ్ళి డాక్టరమ్మ టీ కప్పులో పడింది. ఆవిడ రెండు గుక్కలు తాగాక ఆగింది.

"ఇది ఎవరిదండీ?"

"పై దవడ, కుడివైపు, చివరి నుంచి రెండోది మేడమ్."

ఆవిడ అడిగింది అది కాదట.

మార్చి 6, గురువారం

అమ్మాయి పరీక్ష పెట్టింది. టేబుల్ మీద ఒకే ఒక్క కేకు ముక్క పెట్టి, తల్లీకూతుళ్ళు బజారుకి వెళ్ళారు. ఆరింటికి వచ్చేసరికి ముక్క ఉండాలి.

4:00 ఉంది.

4:20 ఉంది. నేను పేపరు చదువుతున్నాను.

4:35 ఉంది. అదే పేజీ చదువుతున్నాను.

4:45 అంచులు ఎండిపోతున్నాయి.

4:50 ఇలా వదిలేస్తే పారేస్తారు. తిండి పారేయడం నాకు గిట్టదు.

4:52 తిన్నాను.

ప్రశాంతంగా ఆలోచిస్తే ఇది ఓటమి కాదు. ఆఖరి ముక్క అనాలంటే దానికి ముందు ఇంకా ముక్కలు ఉండాలి. ఒంటరి ముక్క ఆఖరిది ఎలా అవుతుంది? ఇదే మాట అమ్మాయితో అన్నాను. "నాన్నా, నువ్వు లాయరువి కావాల్సినవాడివి" అంది. మెచ్చుకుందో దెప్పిందో తెలీదు.

మార్చి 8, శనివారం. ఉదయం

తీర్మానం 2 సడలించాను. పూర్తిగా మింగనక్కర్లేదు, సగం మింగితే చాలు.

తీర్మానం 4 కూడా కష్టమే. ఎడమచెయ్యి దానంతటదే వెళ్తోంది. నిన్న కూర్చునే ముందు దాన్ని జేబులో పెట్టుకున్నాను. "ఏమండీ, చేతికేమయింది?" అని మా ఆవిడ కంగారు పడింది. పాపం.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆలోచిస్తున్నాను. మేం ఇద్దరమే. నాన్న లేడు. అమ్మ తెల్లారగట్లే వండిపెట్టి ఫ్యాక్టరీకి వెళ్ళేది. మధ్యాహ్నం నాకు పెట్టేది అక్కే. దానికి తొమ్మిదేళ్ళు, నాకు అయిదు. నేను కూర్చునేవాణ్ణి, అది నిలబడి వడ్డించేది. నేను గిన్నె ఖాళీ అయ్యేదాకా తినేవాణ్ణి.

మరి అక్క ఏం తినేది?

నాకు గుర్తులేదు. గంట నుంచి కూర్చున్నాను. అక్క తింటున్నట్టు ఒక్క మధ్యాహ్నం కూడా గుర్తుకు రావడం లేదు.

మార్చి 10, సోమవారం

ఒక సంగతి రాయడం మర్చిపోయాను. రిటైర్మెంట్ విందులో నేను తిన్న కేకు ముక్క మీద బావగారి పేరుంది. క్రీముతో, గులాబీ రంగులో. చూసే తిన్నాను.

10:15 అక్కకి ఫోన్ చేశాను. ఒక్కసారి మోగగానే పెట్టేశాను.

10:17 ఆవిడ దగ్గర్నుంచి ఒక మిస్డ్ కాల్. అదీ ఒక్కసారే మోగింది.

మార్చి 12, బుధవారం

సాధన లేదు. పుల్లల్లో ఒకటి విరిగింది. మిగిలింది ప్లాస్టర్ కలపడానికి బాగా పనికొస్తోంది.

తీర్మానం 3 రద్దు. కళ్ళున్నాక చూడకుండా ఎలా ఉంటాం?

సాయంత్రం మా ఆవిడ తన ప్లేట్లోంచి ఏదో తీసి నాకు వెయ్యబోయి, ఆగి చూస్తే అప్పటికే అది నా నోట్లో ఉంది.

మార్చి 14, శుక్రవారం

రెండు రోజుల లెక్క రాయను. సిగ్గుగా ఉంది. రేపే!

మా ఆవిడ ఉపాయం చెప్పింది. "ఇంట్లో కడుపు నిండా తినేసి బయల్దేరండి. ఆకలుంటే కదా అక్కడ మీద పడేది."

ఇన్నేళ్ళ కాపురంలో ఇంత మంచి సలహా ఇవ్వలేదు.

మార్చి 15, శనివారం. ఉదయం 11:00

నాలుగు గుడ్లు, ఆరు టోస్టులు, రెండు అరటిపళ్ళు. ఊపిరి ఆడటం లేదు. సిద్ధం!

అదే రోజు, సాయంత్రం 4:30

ఉన్నదున్నట్టు రాస్తాను.

హోటల్లో గోడలకి ప్లాస్టరింగ్ లేదు. పని సగంలో ఆగిపోయిందేమో అనుకున్నాను. కాదు, స్టయిలట. స్టూళ్ళకి వీపు ఆన్చుకునేది లేదు. టేబుల్ మా ల్యాబులో పళ్ళ ట్రే పెట్టుకునే బల్లంత ఉంది. దాని చుట్టూ అయిదుగురం.

అక్క చిక్కిపోయింది. జుట్టుకి రంగు వేయడం మానేసింది. నన్ను చూసి, "బాగున్నారా?" అంది.

మీరట! నా చెవులు పిండి పెంచిన మనిషి నన్ను మీరు అంది. "బాగున్నామండీ" అన్నాను. బావగారు నా భుజం తట్టి కూర్చున్నారు.

నల్ల ఏప్రన్ కట్టుకున్న అమ్మాయి వచ్చింది. "మా కాన్సెప్ట్ చెప్పమంటారా? వంట అయినవి అయినట్టు తెచ్చి మధ్యలో పెడతాం. మీరు పంచుకోవడమే." మా నలుగురి వయసు చూసి, అడక్కుండానే ఫోర్కులు ఇచ్చింది. నా సాధనంతా గంగపాలు.

మొదటిది వచ్చింది. వెదురు బుట్ట, మూత తీస్తే ఆవిరి, లోపల తెల్లగా ముడివేసిన చిన్న మూటలు. నాలుగు. మేం అయిదుగురం! ఈ లెక్క వేసినవాడు ఎవడో మా కుటుంబం మీద పగబట్టినవాడు.

బావగారు, మా అమ్మాయి, మా ఆవిడ తలా ఒకటి తీసుకున్నారు. ఒకటి మిగిలింది.

"మీరు తీసుకోండి" అన్నాను.

"లేదు లేదు, మీరు తీసుకోండి" అంది అక్క.

ఎవరం తీసుకోలేదు. తర్వాత పుట్టగొడుగులు, తేనెలాంటిదేదో పూసి కాల్చినవి, నాలుగు. వంకాయ ముక్కలు, నాలుగు. ఆకులో చుట్టినవి, నాలుగు. ప్రతి ప్లేట్లోనూ ఒకటి మిగిలింది. టేబుల్ నిండా ప్లేట్లు, ప్లేటుకో ముక్క. మూడో ప్లేటు వచ్చేసరికి నా గుడ్లూ టోస్టులూ ఎక్కడికి పోయాయో, మళ్ళీ ఆకలి. ఎడమచేతి మీద కూర్చున్నాను. అయినా ముట్టుకోలేదు! దేవుడి మీద ఒట్టు.

ఏప్రన్ అమ్మాయి చేతుల్లో ఇంకో రెండు ప్లేట్లతో వచ్చింది. పెట్టడానికి చోటు లేదు. "ఇవి తీసేయమంటారా?" అంది.

"ఆగమ్మా!" అని గట్టిగా అరిచింది అక్క. పక్క టేబుళ్ళవాళ్ళు తిరిగి చూశారు. తర్వాత నా వైపు తిరిగింది.

"ఏమైందిరా నీకు? ఎందుకు తినడం లేదు? షుగరా? డాక్టర్ ఏమైనా అన్నాడా? నిజం చెప్పు."

"ఏం లేదక్కా. ఆఖరి ముక్క తినకూడదని పెట్టుకున్నాను."

"నీ మొహం! ప్రతి ప్లేట్లోనూ నీ కోసమే కదరా వదులుతున్నాను! ఆ రోజు అందరి ముందూ అంతమాట అన్నందుకు మూడేళ్ళుగా నాకు ముద్ద సరిగ్గా దిగితే ఒట్టు."

క్షమించమని అడుగుదామని నోరు తెరిస్తే వేరే మాట వచ్చింది. "అక్కా, చిన్నప్పుడు మధ్యాహ్నాలు నాకు పెట్టాక నువ్వేం తినేదానివి?"

అక్క ఒక్క క్షణం నన్ను చూసింది. తర్వాత పకపకా నవ్వింది.

"పెట్టాక ఏమిట్రా? నిన్ను పిలవకముందే గిన్నెలో సగం లాగించేసేదాన్ని. నువ్వు తిన్నది నా ఎంగిలి!"

ఇంత మోసమా! వారం రోజులుగా కుళ్ళి కుళ్ళి ఏడ్చినవాణ్ణి! బుట్టలో మూట మీదికి చెయ్యి పోనిచ్చాను. అక్క ఫోర్కుతో నా వేళ్ళ మీద ఒక్కటిచ్చింది. నేను వంకాయ లాక్కున్నాను. ఆవిడ పుట్టగొడుగు లాక్కుంది. తీర్మానాలు అయిదూ అయిదు నిమిషాల్లో ఖతం. మా అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతోంది. మళ్ళీ అవే నాలుగు రకాలూ తెప్పించుకున్నాం.

బయటికి వచ్చాక ఆటో కోసం నిలబడ్డాం. ఆడవాళ్ళు ముందు నడుస్తున్నారు. బావగారు నా పక్కకి వచ్చి గొంతు తగ్గించారు.

"మీ అక్క చెప్పింది నమ్మావా?"

"నమ్మాను బావా. ఎందుకు?"

"ఇంకొకళ్ళకి పెట్టకుండా ఒక్క మెతుకు నోట్లో వేసుకోగా నేను ముప్ఫై ఏళ్ళలో చూడలేదయ్యా. వండుతూ ఉప్పు కూడా చూడదు. అందుకే మా ఇంట్లో కూరలు అలా ఏడుస్తాయి."

ఆటో వచ్చింది. అక్క ఎక్కి, తల బయటికి పెట్టి, "ఏరా, వచ్చే ఆదివారం మీ ఇంటికి వస్తున్నాం. మాకేమైనా మిగుల్చు" అంది. నవ్వబోయాను. రాలేదు. చెయ్యి ఊపాను.

మార్చి 17, సోమవారం. ఉదయం 6:10

పాత తీర్మానాలు కొట్టేశాను. ఆదివారానికి ఆరు రోజులుంది. కొత్తది, ఒక్కటే:

1. ఆ రోజు వంట నాది, వడ్డన నాది. అక్క కూర్చుంటుంది. ఆవిడ చాలు అనేదాకా నేను మెతుకు ముట్టను.

ఇవాళ్టి నుంచే సాధన. మా ఆవిడకీ అమ్మాయికీ నేనే ఆమ్లెట్లు వేస్తాను. వాళ్ళు తిన్నాకే నేను.

7:35 ఇద్దర్నీ కూర్చోబెట్టాను. ఒక్కొక్కటి వేసి పెట్టాను. నిలబడ్డాను.

7:40 వాళ్ళు తింటున్నారు. నేను చూస్తున్నాను. చాలా కష్టం. తొమ్మిదేళ్ళ పిల్ల రోజూ ఎలా నిలబడిందో!

7:44 అమ్మాయి ఇంకోటి అడిగింది. వేశాను. అంచు కొంచెం మాడింది. మాడింది పిల్లకి పెట్టలేం. అంచు నేను తినేశాను.

7:46 మధ్యలో కూడా మాడింది.

7:47 రేపట్నుంచి మొదలు.