నూటికి రెండు కుర్చీలు

చిరంజీవి అమ్మడికి, బాబాయి దీవించి, తలుపు గడియ పెట్టుకుని వ్రాయునది.

సర్కారు ఆఫీసుకు నేను చేసి ఇచ్చిన వంద కుర్చీలకు డబ్బు వచ్చింది కానీ, నూటికి రెండు చొప్పున కోసుకున్నారు. కాగితం మీద కారణం లేదు. ఏదో సెక్షన్ నంబరు మాత్రం ఉంది. సెక్షన్ అంటే కేసే కదా. మా వడ్రంగంలో కొన్నవాడు కాస్త డబ్బు ఆపాడంటే ఎక్కడో కాలు ఊగుతోందని అర్థం. నోటితో చెప్పడు, మనమే వెళ్ళి వెతుక్కోవాలి. ఇరవై ఆరేళ్ళలో నా కుర్చీ ఊగిందన్నవాడు లేడు. ఈ ఆఫీసులో పేరు పోతే ఇంకెవరూ పని ఇవ్వరు. వీధిలో జీపు ఆగితే నా గుండె ఆగుతోంది. లా చదువుతున్నావు కనుక, ఏం శిక్ష పడుతుందో తెలియజెయ్యి.

ఇట్లు, ఇంకా ఇంట్లోనే ఉన్న
నీ బాబాయి

తా.క.: ఎవరొచ్చినా నేను ఊళ్ళో లేనని చెబుతానంది మీ పిన్ని. నిన్న పాలవాడికీ అదే చెప్పింది. ఇవాళ పాలు రాలేదు.

*

పూజ్యులైన బాబాయి గారికి, నమస్కారాలతో మొదలుపెట్టి అభ్యంతరాలకు వస్తున్నాను.

అది కేసు కాదు, కొత్త చట్టం. సరుకు అమ్మినవారికి ఏ ప్రభుత్వ కార్యాలయం చెల్లించినా, నూటికి రెండు ముందే మినహాయించి, అమ్మినవారి పేరనే పన్నుగా జమ కట్టాలి. సంవత్సరాంతంలో అది మీ పన్నులోనే చెల్లుతుంది. ఎక్కువైతే తిరిగి వస్తుంది. మీ కుర్చీల కాళ్ళతో దానికి ఏ సంబంధమూ లేదు. తెలియనిదానికి భయపడటం పౌరుడి లక్షణం కాదు. వెళ్ళి మినహాయింపు పత్రం అడిగి తీసుకోండి.

ఇట్లు, న్యాయానికి తప్ప దేనికీ తలవంచని
మీ అన్న కూతురు

తా.క.: నిన్న కాలేజీ చర్చలో ఇదే చట్టాన్ని చిన్న వ్యాపారుల మెడ మీద కత్తి అని చీల్చి చెండాడి మొదటి బహుమతి గెలిచాను. మీరు మాత్రం దాన్ని నమ్మండి.

*

అమ్మడికి, బాబాయి ఆశీస్సులు, మిగిలినన్ని.

నీ ఉత్తరంతో కుదుటపడ్డాను, తా.క.తో మళ్ళీ పడిపోయాను. పత్రం అడగడానికి నోరు రాక, ముందు కుర్చీలే చూద్దామని వెళ్ళాను. ఒక్కొక్కటీ తిరగేసి, కూర్చుని, ఊగి చూశాను. సిబ్బంది అంతసేపూ గోడవారగా నిలబడ్డారు. ఒక్క కాలూ కదల్లేదు. కానీ లెక్కపెడితే తొంభై ఎనిమిదే. నూటికి రెండు. రెండు తక్కువ ఇచ్చానని నా మీద మోపారు. సామాను చూసే ఆఫీసరు నా లెక్క వింటూ ముఖం తుడుచుకుని, జ్వరమని ఇంటికి వెళ్ళిపోయాడు. చేసిచ్చింది వందేనని ఎవరు నమ్ముతారు? ఉచితంగా ఇంకో రెండు చేస్తున్నాను.

ఇట్లు, రంపం చేతిలో, ప్రాణం అరచేతిలో ఉన్న
నీ బాబాయి

తా.క.: మీ పిన్ని నాకు సంచి సర్దింది. ఎన్నాళ్ళకని అడిగితే, చొక్కాలు లెక్కపెట్టుకోమంది. ఏడున్నాయి.

*

బాబాయి గారికి, నమస్కారానికి కూడా వ్యవధి లేదు.

కుర్చీలు ఇవ్వకండి. చేయని తప్పుకు పరిహారం చెల్లిస్తే తప్పు ఒప్పుకున్నట్టే. ఎవరు అడిగినా నా పేరు చెప్పండి.

ఇట్లు, మీ అన్న కూతురు

తా.క.: వాళ్ళు భయపడకపోతే ఇంకోసారి చెప్పండి.

*

అమ్మడికి, బాబాయి స్థిమితంగా దీవించి వ్రాయునది.

నీ ఉత్తరం వచ్చేసరికే ఆ రెండూ ఇచ్చేశాను. మర్నాడు పొద్దున్నే ఆఫీసరు నా షెడ్డుకు వచ్చాడు.

"నీకెవరు చెప్పారు?" అన్నాడు.

"కొత్త చట్టమేనండి. నూటికి రెండట."

ఆయన గబగబా షెడ్డు తలుపు మూశాడు. తన ఇంటికి పట్టుకుపోయిన రెండు కుర్చీలనూ రాత్రికి రాత్రే వెనక్కి చేర్చాడట. చట్టం ఇంట్లోకి కూడా చూస్తుందనుకోలేదన్నాడు. ఎదుటివాడు అంతగా వణుకుతుంటే నాకు వణకడానికి సిగ్గేసింది. మినహాయింపు పత్రం అడగకుండానే చేతిలో పెట్టాడు. నువ్వు చెప్పినట్టే ఉంది: నా పేరే, నా పన్నే.

అయితే ఇప్పుడు ఆఫీసులో నూట రెండున్నాయి. ఎక్కువైనా తనిఖీలో ప్రమాదమేనంటూ, బతిమాలి, రెండు నా షెడ్డులో దింపిపోయాడు. సర్కారు చీటీ అంటించిన కుర్చీలు నా దగ్గర దొరికితే ఏ సెక్షనో!

ఇట్లు, తేలికపడిన
నీ బాబాయి

తా.క.: ఎవరు అడిగినా నీ పేరు చెప్పమన్నావుగా. పార్సిల్ ఆఫీసులో అడిగారు. చెప్పాను. ఆ రెండు కుర్చీలూ రేపటి పార్సిల్లో నీ హాస్టలుకు వస్తున్నాయి.