ఆ తల్లి పేరు పెంటమ్మ

ఎంకపల్లి,
9 మార్చి 2026

రత్నాకర్ సార్ గారికి,

ఎంకపల్లి పెంటమ్మ చిన్న బిడ్డ దీవెన వందనాలతో రాస్తున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా క్షేమం. మీరు క్షేమంగా లేరని తెలిసే రాస్తున్నాను.

శనివారం మొయినాబాద్‌లో మీ శిక్షణ కేంద్రం చూడటానికి నిధులిచ్చే సంస్థ నుంచి వచ్చిన నలుగురిలో నేనూ ఒకదాన్ని. మీరు గుర్తుపట్టలేదు. "జర చాయ్ తాగుండ్రి మేడం" అంటూ కుర్చీ తుడిచి వేశారు.

2013లో నేను ఇంటర్ రెండో ఏడు. పల్లె పిల్లలను నాయకులుగా తయారు చేస్తామని చేవెళ్లలో మీరు పెట్టిన మొదటి శిక్షణలో మూడు నెలలు కూర్చున్నాను. నిధులిచ్చేవాళ్లు చూడటానికి వస్తున్నారనీ, ఎవరి బతుకు గురించి వాళ్లు ఐదు నిమిషాలు మాట్లాడాలనీ మీరే చెప్పారు. నేను మా అమ్మ గురించి రాసుకున్నాను. గులాబీ తోటలో అమ్మతో పాటు కూలికి పూలు కోస్తుండగా శాంతమ్మను పాము కరిచింది. సీట్లు ఖరాబవుతాయని యజమాని కారు ఇవ్వనన్నాడు. మా అమ్మ ఆ కారుకు అడ్డంగా పడుకుంది. "శాంతమ్మను ఎక్కించుకుంటవా, నా మీదికెల్లి పోతవా" అన్నది. శాంతమ్మ బతికింది. అమ్మకు మళ్లీ ఆ తోటలో పని దొరకలేదు.

నా కాగితం చదివి మీరు మెచ్చుకున్నారు. తెల్లారి మాత్రం, "నీ మాట వాళ్లకు సమజ్ గాదు దీవెనా, నువ్వు నీళ్లు అందియ్యి" అని, దాన్ని గండిపేట నుంచి వచ్చిన ఇంగ్లీషు మీడియం అమ్మాయి చేతిలో పెట్టారు. ఇంగ్లీషులో కొంత, తెలుగులో కొంత, ఆ అమ్మాయి "మా అమ్మ" అంటూ చెబుతుంటే వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. నేను వాళ్లకు గ్లాసులు అందించాను. నేను మాట్లాడతానని ఆశపడి వచ్చిన మా అమ్మ చివరి వరసలో కూర్చుని విన్నది.

తిరిగి వస్తుంటే బస్సులో అడిగింది, "గా పిల్ల తల్లి సుత గిట్లనే కారుకు అడ్డం పండుకున్నదా బిడ్డా?" అని. అవునన్నాను. రెండేళ్ల కింద చనిపోయేదాకా, ఆ పేరు తెలియని తల్లి కోసం అమ్మ ప్రార్థన చేస్తూనే ఉంది. నేను ఆపలేకపోయాను.

మిమ్మల్ని వదలకూడదని ఆ బస్సులోనే అనుకున్నాను. డిగ్రీ చదివినా, నిధులిచ్చే ఈ సంస్థలో ఉద్యోగానికి చేరినా ఆ కోపంతోనే. పోయిన నెల మీ దరఖాస్తు వచ్చింది. అందులో మళ్లీ అదే కథ, అదే అమ్మాయి ఫొటోతో. మా ఆఫీసు పెద్దలకు అంతా చెప్పాను. మిమ్మల్ని అడిగే పని మాత్రం నాకే ఇవ్వమన్నాను.

శనివారం అందరి ముందు ఒక్కటే అడిగాను, ఆ తల్లి పేరేమిటని. "పేర్లు యాదికి లేవు మేడం, మస్తుమంది ఉంటరు" అన్నారు. అప్పుడు బయట కూర్చోబెట్టిన శాంతమ్మను లోపలికి పిలిచాను. కాలి మీది మచ్చ చూపించి, "పండుకున్నది మా పెంటక్క సారూ. గీ పిల్ల తల్లి" అన్నది. మీ ముఖంలో నెత్తురు లేదు. నేను తృప్తిగా చూశాను. కళ్లు తిప్పుకోలేదు. గేటు దాకా వెంట వచ్చి, "నీ కాళ్లు మొక్కుత బిడ్డా, గిన్నేండ్ల పేరు పోతది" అన్నారు. "మా అమ్మ పేరు పోయి పదమూడేండ్లాయె సార్" అని కారెక్కాను.

నిధులు రావని ఆఫీసు ఉత్తరం రేపో మాపో అందుతుంది. కేంద్రం మూసేయక తప్పదు. క్షమించమని అడగాలనిపిస్తే అమ్మ సమాధి ఎంకపల్లిలోనే ఉంది. నన్ను అడగవద్దు.

ఇట్లు,
పెంటమ్మ బిడ్డ
దీవెన

తా.క.: ఆఫీసు ఉత్తరంలో ఉండని నిజం ఒకటి ఉంది. మిమ్మల్ని తప్పించి, శిక్షణను వేరేవాళ్లతో నడిపిద్దామని మా పెద్దలు అన్నారు. నా మాట కోసం చూశారు. వద్దన్నది నేనే. మీరు కట్టినదేదీ నిలబడకూడదనుకున్నాను. ఈ ఏడు చేరాల్సిన నలభై మందిలో మా అక్క కూతురు ప్రేమజ్యోతి కూడా ఉందని నిన్న చర్చి దగ్గర తెలిసింది. "చిన్నమ్మా, మా క్లాసులు ఎప్పుడు షురువైతయ్?" అని అడిగింది. అక్కడ మాట్లాడటానికి ఇప్పటినుంచే ఏదో రాసుకుంటోందట.