పోసిన చేయి, పేల్చే చేయి

శంషాబాద్ మండలం బండమీదిగూడలో ఉంటున్న, కీర్తిశేషులు చెన్నయ్య పెద్ద కూతురు సక్కుబాయి అనే నేను, వయస్సు యాభై ఎనిమిది, వృత్తి వ్యవసాయం, ఎవరి బలవంతమూ లేకుండా నా ఇష్టంతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా మతి స్థిమితంగా ఉంది. పొద్దున స్నానం చేసి, దీపం పెట్టి, ఈ కాగితం ముందు కూర్చున్నాను. గురువారం దవాఖానలో నా కడుపులో గడ్డకు ఆపరేషన్. డాక్టరు భయం లేదన్నాడు. నాకూ లేదు. కానీ ఒక విషయం తేలలేదు. మా బాపు తుపాకి నా తరువాత ఎవరి చేతికి పోవాలి, ఆ చేతికి సీసం కరిగించి గుండ్లు ఎవరు పోసివ్వాలి అన్నది. మిగతావాటికి నోటిమాట చాలు. ఇంత కాగితం దీనికోసమే.

నాకు పెళ్లి కాలేదు. అది ఎవరి తప్పూ కాదు. అమ్మ పోయేనాటికి తమ్ముడు పాండు, చెల్లెలు కళ్యాణి చిన్నవాళ్లు. వాళ్లను చూసుకుంటూ ఉండగా ఆ వయసు దాటింది. నా వారసులు వాళ్లిద్దరే.

1. ఊరికి దక్షిణాన బండ పక్కనున్న చేను, బోరుతో సహా, పాండుకు, కళ్యాణికి సమానంగా చెందాలి. విమానాశ్రయానికి పోగా మిగిలిన ముక్క ఇది. అమ్ముకుంటారో దున్నుకుంటారో వాళ్ల ఇష్టం. దున్నితే మాత్రం బండవైపు చివరి సాలు కోయకుండా వదలాలి. బాపు దాన్ని పందుల సాలు అనేవాడు. "వాటికి గూడ కడుపుంటది గద" అనేవాడు. ఆ సాలు దాటి లోపలికి వచ్చిన అడవిపంది మీదికే తుపాకి ఎత్తేవాడు, అదీ అనుమతి వచ్చిన సీజనులోనే.

2. ఇల్లు కళ్యాణికి. ఆమె రాజేంద్రనగర్‌లో సొంత ఇంట్లో ఉంది, దీని అవసరం లేదు. అయినా ఆడపిల్లకు పుట్టింటి తాళంచెవి ఒకటి ఉండాలి. విమానాలు ఇంటి మీదుగానే దిగుతాయి. కొత్తలో ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఇప్పుడు మాట్లాడేవాళ్లు లేరు కనుక ఆ ఇబ్బంది లేదు.

3. అమ్మ ముతక నూలు చీర అంచు, పెట్టె అడుగున ఉంది, అది కూడా కళ్యాణికే. చీర మిగతా భాగమంతా పేలికలకు పోయింది. గుండును గొట్టంలోకి దించేటప్పుడు దాని చుట్టూ మైనం, కొవ్వు రాసిన గుడ్డ పేలిక చుట్టాలి. ఏళ్ల తరబడి ఉతికిన నూలు ఉన్నంత సమంగా మరే గుడ్డా ఉండదు. కళ్యాణి చిన్నప్పుడు అది చూసి, "అమ్మ చీరను పందుల మీదికి కాలుస్తున్నరు మీరు" అని ఏడ్చింది. బాపు, "మీ అమ్మ ఉన్నప్పుడు గూడ పందులను తరిమింది ఆమెనే బిడ్డా" అన్నాడు. ఏడుస్తూనే నవ్వింది. అంచు కత్తిరించనిది అందుకే.

4. గుండ్లు తూచే చిన్న కంసాలి తరాజు కళ్యాణి కూతురు చిన్మయికి. ఈ పిల్ల నగరంలో షూటింగ్ క్లబ్బుకు పోతుంది. "పెద్దమ్మా, తుపాకి నాకియ్యి, గోడకు పెట్టుకుంట" అని అడిగింది. ఇవ్వడం లేదు, మనసులో పెట్టుకోవద్దు బిడ్డా. నీ గురికి కాగితం మీద నల్లచుక్క ఉంది. ఈ తుపాకికి చేను కావాలి. తరాజు మాత్రం ఎక్కడైనా నిజమే చెబుతుంది, తీసుకో.

5. నా ఇత్తడి దీపం, పూజ సామాను పక్క చేను యాదయ్య భార్య ఈరమ్మకు. చాలా సాయంత్రాలు ఆమె మా గోడ మీది నుంచి "అక్కా, ఉన్నవా?" అని అరిచి, "ఉన్న" అంటే చాలు వెళ్లిపోతుంది. రోజు మొత్తంలో నేను పలికే మాట అదొక్కటే అయిన రోజులు ఉన్నాయి. ఆమెకు తెలియదు ఆ పిలుపు విలువ. ఇప్పుడు తెలుస్తుంది.

6. తుపాకి. మూతి నుంచి మందు కూరి పేల్చేది. పంట రక్షణ లైసెన్సు నా పేరున ఉంది, పేల్చడానికి రాయించిన పేరు పోయిన ఏడాది దాకా పాండుది. ప్రస్తుతం ఠాణాలో డిపాజిట్టులో ఉంది. ఎందుకో కింద రాస్తాను. తీసుకునేవాళ్లకు దాని స్వభావం ముందు తెలియాలి.

దీని గొట్టం సన్నం. లావు గొట్టం తుపాకి గురిలో తప్పును కొంత కప్పుతుంది, సన్నది కప్పదు. గుండు చెవి వెనక తగిలితే పంది అక్కడే ఒరుగుతుంది. వేరే చోట తగిలితే అది చచ్చేదాకా నొప్పితో పరుగెడుతూనే ఉంటుంది. గురి తప్పకపోవడమే మనం దానికి చేయగల దయ అని బాపు అనేవాడు.

సీసం మెత్తనిది కావాలి. పాత టెలిఫోను కేబుళ్ల మీది తొడుగు మంచిది. గోరుతో గీస్తే గీత పడాలి, బండ మీద వేస్తే మోగకూడదు. మెత్తని సీసమే పేలికతో కలిసి సుఖంగా దిగి, గొట్టం లోపలి మెలిక గీతల వెంట తిరుగుతూ పోతుంది. అచ్చు చల్లగా ఉంటే గుండుకు ముడతలు వస్తాయి, మరీ కాలితే బూడిద పూసినట్టు తెల్లబడుతుంది. రెంటినీ మళ్లీ కరిగించాలి. బాగా వచ్చినవాటిని కూడా తూచి, తేలికైనవి తీసేయాలి. లోపల గాలిబుడగ ఉన్న గుండు పక్కకు పోతుంది. కరిగించడం ఆరుబయటే చేయాలి, పొగ ముఖానికి రాకూడదు, ఆ చేతులు కడగకుండా అన్నం ముట్టకూడదు.

మందు కొలత బాపు ప్రతి వానాకాలం ముందు కొత్తగా చూసుకునేవాడు. చెరువు కట్టకు ఆనించి అట్టముక్క నిలబెట్టి, ఒక్కో కొలతకు మూడేసి గుండ్లు పేల్చేవాడు. ఎక్కువ మందుతో తూట్లు జొన్నరొట్టె అంత చోటు తీసుకునేవి. తగ్గించుకుంటూ పోతే గారె అంత, చివరికి రూపాయి బిళ్ల అంత. ఇంకా తగ్గిస్తే మళ్లీ చెదిరేవి. "మందు ఎక్కువైతే చప్పుడు పెద్దగైతది బిడ్డా, గురి కాదు" అనేవాడు. ఆ రూపాయి బిళ్ల కొలతే ఆ ఏటికి. అదెంతో ఇక్కడ రాయను. మందు మారితే అదీ మారుతుంది. లైసెన్సు ఉన్నవాడు తన కట్ట దగ్గర తాను చూసుకోవాల్సిందే.

ఇంకొకటి మా ఇంటి కట్టుబాటు. పోసిన చేయి పేల్చకూడదు, పేల్చే చేయి పోసుకోకూడదు. పేల్చేవాడు వచ్చి పొయ్యి దగ్గర కూర్చోవాలి. పోసేవాళ్లు "ఏ చేనుకు?" అని అడగాలి. జవాబు నచ్చితేనే సీసం పోయాలి. తుపాకి ఒక్కడి కోపానికి లొంగకూడదని తాతలు పెట్టుకున్నారు అనుకుంటాను. బాపు పేల్చాడు, నేను పోశాను. తరువాత పాండు పేల్చాడు, నేనే పోశాను. తుపాకి నా భుజానికి ఎన్నడూ ఎత్తలేదు. ప్రతి గుండుకూ పోచమ్మను తలుచుకున్నాను, పంది తరఫున కూడా దండం పెట్టుకున్నాను.

7. గుండ్ల అచ్చు, గరిటె, మిగిలిన మెత్తని సీసం యాదయ్యకు.

ఇది చదివి పాండు కోపగించుకుంటాడు. కనుక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. పోయిన ఏడాది మొక్కజొన్న పాలు పట్టే కాలంలో పాండు ప్లాట్ల వ్యాపారులతో స్నేహం చేశాడు. ఒకనాడు వచ్చి, "అక్కా, జర గుండ్లు పోసియ్యి, సార్లు వస్తున్నరు" అన్నాడు.

"ఏ చేనుకు?" అన్నాను.

"చేనుకేంది? దావత్‌కు."

"దావత్‌కు నా చెయ్యి లేవదు పాండూ."

"సీసం కరగబెట్టుడే గద, పప్పుచారు కాదు గద నీకొక్కదానికే వచ్చుటానికి!" అని వెళ్లిపోయాడు.

హైవే పక్క టైర్ల షాపుల్లో, కారు చక్రాల అంచులకు కొట్టే సీసం ముక్కలు దొరుకుతాయి. వాటిని తెచ్చి, నేను గుడికి పోయిన వేళ నా అచ్చులోనే పోసుకున్నాడు. ఆ సీసం గట్టిది, వేరే లోహాలు కలిసినది. గుండు గొట్టంలోకి సరిగా దిగలేదు. పేలిక తీసేసి, బలవంతాన దించి, చప్పుడు బాగుండాలని మందు పెంచాడు. అట్టముక్క మీద చూసుకోలేదు. పొద్దు గుంకే వేళ సార్ల ముందు పేల్చాడు. గుండు పంది తొడలో తగిలింది. పక్క చేనులో డ్రిప్పు పైపులు చుడుతున్న యాదయ్య మీదికి ఆ పంది ఉరికింది. అతని కుడికాలు కోరతో చీల్చింది. సార్లు కారెక్కి పోయారు. యాదయ్యను దవాఖానకు మోసుకుపోయింది ఈరమ్మ, నేను, ఆటో నడిపే మనిషి. పందిని మరునాడు వాగులో చూశాను. అప్పటికింకా బతికే ఉంది.

తుపాకిని నేనే ఠాణాలో అప్పగించి, పాండు పేరు తీయించాను. పాండు అన్న చివరి మాట, "నువ్వు పోసిచ్చుంటే గిట్ల కాకపోతుండె." తరువాత పహాడీ షరీఫ్ దిక్కు కిరాయి ఇంటికి పోయాడు. ఇప్పుడు విమానాశ్రయానికి క్యాబు నడుపుతాడు. రోజూ మా ఊరి మలుపు మీదుగానే పోతాడు. ఇటు తిరగడు. నా దగ్గరికి రాకపోతే నాకు బాధ, అంతే. యాదయ్యను ఒక్కనాడూ చూడటానికి పోలేదు, అది తప్పు. వాడు దుర్మార్గుడు కాడు. సిగ్గుపడుతున్నాడు. సిగ్గు ముదిరితే కోపంలాగే కనపడుతుంది. వాణ్ణి ఎత్తుకుని పెంచాను, నాకు తెలుసు.

యాదయ్యకు కాలు వంగదు, ఇంక నాగలి పట్టలేడు. చేతులు మాత్రం నిలకడ. ఈ వానాకాలం మా వాకిట్లో కూర్చోబెట్టి గుండ్లు పోయడం నేర్పాను. ఠాణా అనుమతి కాగితం తీసుకున్నాకే నేర్పాను.

8. తుపాకి పాండుకు. లైసెన్సు చట్టప్రకారం తన పేరున తెచ్చుకోవాలి. వాడే యాదయ్య ఇంటికి పోయి, పొయ్యి దగ్గర కూర్చుని, అడిగినదానికి జవాబు చెప్పి గుండ్లు పోయించుకోవాలి. వేరే ఎవరి చేతా పోయించరాదు, తాను పోసుకోరాదు. నేను చనిపోయాక ఏడాదిలోగా పాండు ఆ గడప తొక్కకపోతే, తుపాకిని ముక్కలు చేయమని ఈ వీలునామా అమలు చేసేవారు ఠాణాలో రాసివ్వాలి. చేను పందులు తింటే తిననివ్వాలి.

ఈ షరతు పెట్టేముందు యాదయ్యను అడిగాను. "నాకెందుకక్కా గీ పని? ఆడు నా ఇంటికొస్తడా?" అన్నాడు. వస్తే పోసిస్తవా అన్నాను. వంగని కాలు రుద్దుకున్నాడు. "ముందుగాల్ల ఛాయ్ తాగుమంట. తర్వాత అడుగుత, ఏ చేనుకు అని" అన్నాడు. నాకు అది చాలు.

9. దీన్ని అమలు చేసే బాధ్యత రాజారావుగారిది. బ్యాంకులో పనిచేసి రిటైరై మా దగ్గరి కాలనీలో ఉంటారు, నా దగ్గర కూరగాయలు కొంటారు, బేరం ఆడరు. ఆయన ఇది చదివి, "సక్కుబాయిగారూ, ఇలాంటి షరతు కోర్టులో నిలుస్తుందో లేదో చెప్పలేనండి" అన్నారు. నిలవకపోయినా పాండుకు చదివి వినిపిస్తే చాలన్నాను. మెల్లగా చదవమని మనవి. ఏడో అంశం దగ్గర వాడు లేచిపోతాడు. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టండి.

ఆస్తి పొందేవాళ్లు సాక్షులు కాకూడదని కూడా ఆయనే చెప్పారు. యాదయ్య నవ్వి, "కాలు సగం బోయింది, గిప్పుడు సంతకం గూడ బాయె" అన్నాడు. కనుక సాక్షులు వేరే.

10. ఆపరేషన్ నుంచి నేను తిరిగి వచ్చి, నేను ఉండగానే పాండు యాదయ్య ఇంటికి పోతే, ఏడో అంశం, ఎనిమిదో అంశంలోని షరతు రద్దు. మళ్లీ రాయనక్కరలేదు, సంతకమూ అక్కరలేదు. అచ్చు నా దగ్గరే ఉంచుతాను. వాడు మా పొయ్యి దగ్గర కూర్చున్న రోజున నేనే పోసిస్తాను.

ఇది నేను చదువుకుని, సరిగా ఉందని తెలుసుకుని, సాక్షుల ముందు చేసిన సంతకం.

2024 నవంబరు 18, కార్తీక సోమవారం
బండమీదిగూడ

(సంతకం) సక్కుబాయి

సాక్షులు:
1. రేఖ, అంగన్‌వాడీ టీచరు, బండమీదిగూడ
2. మాధవీలత, కిరాణా దుకాణం, శంషాబాద్