మోగని పెట్టె

కోవిల్‌పట్టి,
మంగళవారం పొద్దున

నాయనకు జోతి దండాలు.

ఇక్కడ అమ్మ, చెల్లెలు, నేను క్షేమం. నువ్వూ క్షేమమే అనుకుంటానని ప్రతిసారీ రాసేదాన్ని. ఈసారి ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు. సీజను ముగిసేదాకా మీ పటాసుల యూనిటులో ఫోన్లు గేటు దగ్గరే పెట్టుకుంటారు కదా. అందుకే మీ తిరుత్తంగల్ వైపు లోడు తోలుకొచ్చే చెల్లయ్య మామ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. ముందు ఇది చదువు. మందు కలిపే గదిలోకి పోకు.

అమ్మ మోకాలు గురించి అడిగావు. నొప్పి తగ్గింది, మొండితనం తగ్గలేదు. "గదిలో వేడి పెరిగితే మోగుతుందని పెట్టినావే ఆ పెట్టె, ఒక్కనాడూ సద్దు చెయ్యదే పాపా, అంతా బాగుందనే కదా?" అనీ రాశావు. బాగాలేదు నాయనా.

ఆ పెట్టెను నడిపే ప్రోగ్రాములో అన్నీ ఒకచోటే రాయం. వేడి కొలిచే పనిని వేరే ఫైలులో పెడతాం, దాన్ని మాడ్యూల్ అంటారు. కావలసినప్పుడు పేరుతో పిలుచుకుంటాం, ఆ పిలవడమే ఇంపోర్ట్. ఆ పిలుపు ముందు పక్కనే వెతుకుతుంది. అవ్వ పేరే చెల్లెలికీ పెట్టారు కదా, వాకిట్లోంచి కాళియమ్మాళ్ అని కేకేస్తే దగ్గరున్నదే పలుకుతుంది. ఇదీ అంతే. ప్రోగ్రాము పక్కనే అదే పేరుతో ఒక ఉత్తుత్తి ఫైలు పడి ఉంది. ఎప్పుడడిగినా ముప్పై డిగ్రీలని చెప్పడమే దాని పని. అసలు ఫైలును ఎవరూ పిలవనే లేదు.

నిన్న మా ఆఫీసులో అలాంటి పెట్టెకే వేడి టీ గ్లాసు ఆనించి చూశాను. ముప్పై. మరిగే నీళ్ళు పెట్టాను. ముప్పయ్యే.

వెంటనే మీ మేనేజరు సీనివాసన్‌కు ఫోను చేశాను. "దీపావళి ఆర్డరు ముగియనీమ్మా, అందరి పొట్టా కొట్టకు" అన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఈ ఉత్తరం నీకు అందేసరికి నేను విరుదునగర్‌లో, ఫ్యాక్టరీల తనిఖీ ఆఫీసులో ఉంటాను. గది మూసేదాకా కదలను. నా ఉద్యోగం పోతే పోనీ.

ఆ ఉత్తుత్తి ఫైలు రాసింది నేనే నాయనా. సరిచూడడానికి రాసుకుని, తీసెయ్యడం మరిచిపోయాను. ఇంతసేపూ చెప్పలేకపోయాను.

"మా పాప చేసింది, భయం లేదు" అని నువ్వే అందరికంటే ముందు లోపలికి పోతున్నావని చెల్లయ్య మామ చెప్పాడు. పోకు. ఎవరు చేసిందైనా నమ్ము, నీ కూతురు చేసింది నమ్మకు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
జోతిలక్ష్మి